కాగితం చదివి వినిపించమన్న ఆడవాళ్లు

"అమ్మను పక్కనపెట్టి చెప్పండి. మీ జీవితాన్నీ ఆలోచననీ మార్చిన ఆడవాళ్లు ఎవరు? ఎలా మార్చారు?" ఇదీ ప్రశ్న. నేను 36 ఏళ్లు బ్యాంకులో పనిచేసి 2015లో రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం పల్లెటూరి బ్రాంచీల్లో ఫీల్డాఫీసరుగానే గడిచింది. సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

నాలో మార్పు ఎవరి ఉపన్యాసం వల్లా రాలేదు. నా చేతిలోని కాగితం చూపించి, "ఇందులో ఏం రాసుందో చదివి చెప్పు" అని అడిగిన ముగ్గురు ఆడవాళ్ల వల్ల వచ్చింది. ఒకరు మా మేనత్త. ఒకరు మా చెల్లెలు. ఇంకొకరు నెల్లూరు జిల్లా మెట్టలో బర్రెను మేపుకుని బతికిన ఒకావిడ. వీళ్లకి తోడు నేనెన్నడూ కళ్లతో చూడని స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆవిడ లేకపోతే మా అత్త లేదు, అత్త లేకపోతే చెల్లెలి చదువు లేదు, చెల్లెలు చదవకపోతే నేను ఈ సమాధానం రాసే మనిషిని అయ్యేవాణ్ణి కాదు. అందుకని అత్తతో మొదలుపెడతాను.

అత్త మా నాన్నకి చెల్లెలు. ఐదో తరగతితో బడి మాన్పించి 15 ఏళ్లకి పెళ్లి చేశారు. 1958లో, ఆమెకి 18 ఏళ్లు వచ్చేసరికి, భర్త పోయాడు. అత్తవారు ఆర్నెల్లు ఉంచుకుని ట్రంకుపెట్టె సర్ది పుట్టింటికి పంపేశారు. ఇక్కడ ఆమెకి దక్కింది వంటింటి పక్కన గది, ఇంటెడు చాకిరీ, ఎవరైనా శుభానికి బయల్దేరుతుంటే ఎదురు రాకుండా తలుపు చాటున నిలబడాల్సిన రోజులు. మూడేళ్లు అలాగే జరిగింది. నాకు లీలగా గుర్తున్న అత్త ఆ తలుపు చాటు అత్తే.

ఇంటికి కరణంగారి దగ్గర్నుంచి పాత పేపర్ల కట్ట వచ్చేది. తాతయ్య చదివాక అవి పప్పుడబ్బాల కింద పరచడానికి వంటింట్లోకి చేరేవి. పరిచే ముందు అత్త ప్రతి ముక్కా చదివేది. అలా ఒకరోజు ఒక ప్రకటన కంటపడింది. మధ్యలో చదువాగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్లకి రెండేళ్లలో మెట్రిక్ చదివిస్తారు, ఉండటానికి హాస్టలు, ఫీజు లేదు. ఆ ముక్క తీసుకెళ్లి తాతయ్య చేతికిచ్చింది. ఆయన లోపల్లోపలే చదువుకుని మడిచి పక్కన పెట్టారట. అప్పుడు అత్త అన్న మాటని మా నాయనమ్మ పోయేదాకా చెప్తూనే ఉండేది. "పైకి చదవండి నాన్నా. అమ్మ కూడా వినాలి."

ఆయన పైకి చదివారు. నాయనమ్మ విన్నది. చదవడం రాని నాయనమ్మ ఆ రాత్రి ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు, కానీ నెల తిరక్కుండా అత్త ఆ ట్రంకుపెట్టెతోనే హాస్టల్లో చేరింది. 1963లో మెట్రిక్ పాసైంది. తర్వాత టీచరు ట్రైనింగు, ఆ తర్వాత ఎలిమెంటరీ స్కూల్లో ఉద్యోగం.

ఆ కోర్సు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకు చాలా ఏళ్లు తెలియదు. తెలుసుకున్నాక దుర్గాబాయి గారి మీద నాకు కలిగిన గౌరవం విగ్రహానికి దండ వేసే గౌరవం కాదు, మా ఇంటి మనిషి మీద ఉండేలాంటిది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. పల్లెల్లో పని చేయడానికి పంతులమ్మలు కావాలి, నర్సులు కావాలి, గ్రామసేవికలు కావాలి. ఆ ఉద్యోగాలకి కావలసిన చదువున్న ఆడవాళ్లు దొరకరు. అదే పల్లెల్లో చదువు ఆగిపోయి, భర్త పోయో భర్త వదిలేసో ఇంట్లో మగ్గిపోయే ఆడవాళ్లు వేలమంది. ఈ రెంటినీ కలిపి చూసిన బుర్ర ఆవిడది. చిన్నపిల్లలకి ఏళ్లు పట్టే పాఠాలు, జీవితం చూసిన పెద్దమనిషికి రెండేళ్లలో చెప్పొచ్చన్నది లెక్క. 1958లో బోర్డు ఆ కోర్సుని పథకంగా మొదలుపెట్టింది. అంతకు చాలా ముందే, 1937లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర మహిళా సభలో ఆవిడ ఆడవాళ్లని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేయించేవారు. అంటే ముందు తన చేతుల మీద నడిపి చూసి, తర్వాత దేశానికి పెట్టారన్నమాట.

కాకినాడ సంగతి తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. 1923 కాంగ్రెసు మహాసభ. అక్కడి ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర 14 ఏళ్ల వాలంటీరు దుర్గాబాయి. టిక్కెట్టు లేనివాళ్లని లోపలికి పంపొద్దని ఆమెకి చెప్పారు. నెహ్రూ టిక్కెట్టు లేకుండా వచ్చారు, ఆపేసింది. నిర్వాహకులు వచ్చి కోప్పడితే, మీరు చెప్పిందే కదా చేశాను అంది. వాళ్లు టిక్కెట్టు కొనిచ్చాకే పంపింది. నెహ్రూ ఆ పిల్లని మెచ్చుకున్నారు. చిన్నప్పుడు అత్త ఈ కథ చెబితే నాకు ధైర్యం కథలా వినిపించింది. ఇప్పుడు ఇంకోలా వినిపిస్తోంది. రాసుకున్న నిబంధన అందరికీ ఒకటేనా, కాదా అని గేటు దగ్గర నిలబడి తేల్చుకున్న పిల్ల కథ అది.

ఆవిడ జీవితంలో నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం జైలు ఘట్టం. ఉప్పు సత్యాగ్రహం రోజుల నుంచి మూడేళ్లలో మూడుసార్లు జైలుకెళ్లారు. మదురై జైల్లో ఒంటరి ఖైదు కూడా అనుభవించారు. అక్కడ చుట్టూ ఉన్న ఆడఖైదీల్లో కొందరికి తమ మీద మోపిన కేసేమిటో, తాము ఏం ఒప్పుకున్నారో కూడా సరిగా తెలియదు. చట్టం తెలియక శిక్ష మోస్తున్న ఆ ఆడవాళ్లని చూసి, బయటికి వెళ్లాక లా చదవాలని నిశ్చయించుకున్నారు. చదివారు కూడా. ఎనిమిదేళ్ల వయసులో పెళ్లి చేసేసిన పిల్ల, ఆ పెళ్లిలోంచి తనే బయటికి నడిచొచ్చిన పిల్ల, చివరికి రాజ్యాంగ సభలో కూర్చున్న 15 మంది ఆడవాళ్లలో ఒకరైంది. నాకెప్పుడూ అనిపిస్తుంది, తెలియని కాగితం మీద వేలిముద్ర వేసిన ఖైదీ ఆడవాళ్ల ముఖాలు ఆవిడ కళ్లముందు ఆ సభలో కూడా ఉండి ఉంటాయని.

మళ్లీ అత్త దగ్గరకొస్తాను. 1967లో హైస్కూలు చదువుకి నన్ను ఆమె పనిచేసే ఊరికి పంపారు. రెండు గదుల పెంకుటింట్లో మేమిద్దరం. జీతం వచ్చిన మర్నాడు ఆమె చేసే మొదటి పని పోస్టాఫీసుకి వెళ్లడం. రెండు మనియార్డర్లు. ఒకటి తాతయ్యకి, రెండోది ఎవరికో నాకు ఏడాది దాకా తెలియదు. ఒకసారి ఆమెకి జ్వరమొచ్చి ఫారాలు నన్ను నింపమంది. రెండోది ఆమె అత్తగారికి. ట్రంకుపెట్టె సర్ది పంపించిన ఆవిడకే. నెలకి 20 రూపాయలు. ఫారం కింద మాట రాసుకోవడానికి చిన్న జాగా ఉంటుంది, అక్కడేం రాయమంటావని అడిగాను. "క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను, అని రాయి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడకెందుకు పంపుతావు అని గట్టిగానే అడిగాను. "ఉన్న ఒక్క కొడుకూ పోయాడు, ఆవిడకి ఎవరున్నారురా? నాకంటే చదువు దొరికింది. ఆవిడకి అది కూడా లేదు."

నేను మారానని చెప్పను. నాకు అప్పుడు 12 ఏళ్లు, ఆమె మాట నచ్చలేదు. కానీ ఎవరి కష్టం ఎక్కడ మొదలైందో చూడకుండా మనిషిని తప్పుపట్టకూడదని మొదటిసారి విన్నది ఆరోజే. వసూళ్లకి వెళ్లే ఉద్యోగంలో చేరాక ఆ మాట నన్ను చాలాసార్లు ఆపింది.

చెల్లెలు నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. 1975లో ఏడో తరగతి అయ్యాక బడి మాన్పించాలనుకున్నారు. ఊళ్లో హైస్కూలు లేదు, ఆడపిల్లని ఎక్కడికి పంపుతాం అన్నారు. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను, ఆ మాటలు విన్నాను, ఏమీ అనలేదు. ఇందులో నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే. అత్తకి ఉత్తరం రాసింది నేను కాదు, నాయనమ్మ పక్కింటి పిల్లాడి చేత రాయించింది. మూడో రోజు మధ్యాహ్నం బస్సుకి అత్త దిగింది. మంచినీళ్లు కూడా తాగకుండా, "దాని బట్టలు సర్దండి, నాతో వస్తుంది" అంది. నాన్న ఏదో అనబోతే, "నన్ను పంపినప్పుడు నాన్నని కూడా అందరూ ఇదే అడిగారు" అని మాత్రం అంది. చెల్లెలు అలా బీకాం దాకా చదివింది. 1987లో పెళ్లయింది. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, ముందు దీంతో పనుంది.

నేను బ్యాంకులో చేరింది 1979లో. పదేళ్లకి నెల్లూరు జిల్లా మెట్టప్రాంతంలో ఒక బ్రాంచికి బదిలీ చేశారు. వానాకాలం తప్ప పచ్చదనం కనిపించని ఊళ్లు. పేదలకి సబ్సిడీతో అప్పులిప్పించే ఐఆర్‌డీపీ అనే ప్రభుత్వ పథకం కింద ఇచ్చిన బర్రె అప్పులు గుట్టలుగా మొండిబాకీ పడి ఉన్నాయి. మోటారుసైకిలు మీద రోజూ రెండు మూడు ఊళ్లు తిరిగి వసూలు చేయడం నా పని.

ఒకరోజు పొద్దున ఒక ఇంటిముందు బండి ఆపాను. సద్దు వినగానే ఇంటాయన దొడ్డిదారిన వెళ్లిపోయాడు. ఆమె బర్రె కింద పేడ తీస్తోంది. మామూలుగా అనే మాటలే అన్నాను. గవర్నమెంటు డబ్బు తినేస్తే ఎట్లా, సబ్సిడీ ఇచ్చినా కట్టరా అని. ఆమె పేడచేత్తోనే నిలబడి నేను ముగించేదాకా విన్నది. తర్వాత అడిగింది. "ఆ అప్పు కాయితం మీకాడ ఉందా సార్?"

ఉంది, సంచీలో. "చదవండి సార్. అందులో నా పేరు ఎక్కడుందో చెప్పండి."

తీసి చూశాను. భర్త పేరుంది, ఆయన వేలిముద్ర ఉంది. సాక్షులు ఇద్దరూ మగవాళ్లే. బర్రె రంగు, ఈత, కొమ్ముల తీరు, చెవికి వేసిన బీమా బిళ్ల నంబరు దాకా ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు.

"గడ్డి కోసేది నేను. పాలు పిండేది నేను. కేంద్రానికి మోసేది నేను. పాలడబ్బులు లెక్కపెట్టుకునేది ఆయన. అది సారా అంగడికి పోతాది. మీ కాయితంలో బర్రె ఉండాది, ఆయన ఉండాడు, నేను లేను. మరి నన్నెందుకు అడగతా ఉండారు?"

నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా. వెనక్కొచ్చి ఆ సాయంత్రం బ్రాంచిలో కూర్చుని ఆ ఊరి బర్రె అప్పుల ఫైలంతా తిరగేశాను. పాడికి ఇచ్చిన అప్పుల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇచ్చింది మేమే. ఎవరు పని చేస్తారో చూడకుండా ఎవరు సంతకం పెట్టడానికి వస్తే వాళ్లకిచ్చి, తర్వాత ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లని అడుగుతున్నాం. అప్పు మొండిబాకీ కావడానికి ఒక కారణం మా ఫారంలోనే ఉంది. పదేళ్లు ఆ ఫారాలు నింపినా నా కంటికి కనపడలేదు.

అది 1990. ఆ తర్వాత రెండేళ్లలో ఆ జిల్లాలో జరిగింది చరిత్ర. అక్షరాస్యత ఉద్యమం ఊరూరా రాత్రిబడులు పెట్టింది. పొలం పని ముగించుకుని, అన్నాలు పెట్టి, పిల్లల్ని పడుకోబెట్టి ఆడవాళ్లు లాంతరు దగ్గర చేరేవాళ్లు. వాళ్ల వాచకంలో సారా వల్ల కూలిపోయిన సంసారం గురించి ఒక పాఠం ఉండేది. అక్షరాలు కూడబలుక్కుంటూ అది చదివినవాళ్లకి అది పాఠంలా అనిపించలేదు. తమ ఇంటి సంగతే అచ్చులో కనపడింది. అంతకుముందు సారా కోసం మగవాడు అంగడి దాకా పోవాలి. ప్యాకెట్లు వచ్చాక గడప దగ్గరికే వచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మా ఆమె తోటి ఆడవాళ్లూ సారా అంగడి మూయించారన్న వార్త ఊరూరికీ పాకింది. తర్వాత ఊళ్లకి ఊళ్లు లేచాయి. ప్యాకెట్లు రోడ్డు మీద పారబోశారు. అంగళ్ల వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ సడలింపు గురించి నేను మాట్లాడితే ఈ సమాధానం వేరే దారి పడుతుంది, వదిలేస్తాను.

బ్యాంకు కిటికీలోంచి నాకు కనపడింది మాత్రం చెప్పాలి. మా కౌంటరు పక్క గోడమీద నడుం ఎత్తున పెద్ద ఊదారంగు మరక ఉండేది. వేలిముద్ర వేసినవాళ్లు బొటనవేలి సిరా ఆ గోడకి తుడిచేవాళ్లు. ఏటా సున్నం వేసినా మళ్లీ వచ్చేది. 1993లో సున్నం వేశాక చాలాకాలం అది తెల్లగానే ఉండిపోయింది. పెన్ను గట్టిగా పట్టుకుని, నాలుక కొరుక్కుంటూ, పేరులో ఒత్తు దగ్గర ఆగి ఆలోచించి సంతకం చేసే ఆడవాళ్ల వెనక లైను నిలిచిపోయేది. మొదట్లో విసుక్కున్న మా క్యాషియరే తర్వాత తన పెన్ను ఇచ్చి, నిదానంగా పెట్టమ్మా అనేవాడు.

ఆ ఏడాదే మా నాన్న పోయారు. ఇక చెల్లెలి సంగతి చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాయకపోతే ఈ ప్రశ్నకి నిజమైన జవాబు ఇచ్చినట్టు కాదు.

పిత్రార్జితం ఆరెకరాలు. అన్నా నేనూ చెరి సగం అనుకున్నాం. చెల్లెలి చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం చేయిస్తే సరిపోతుందని నేనే రాయించాను. నాకు చట్టం తెలియదని కాదు. హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది. ఆ తేదీకి పెళ్లికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో, మనకి ఇరవై ఏళ్లు ముందే ఉంది. పొలం తనఖా పెట్టుకుని అప్పిచ్చేటప్పుడు, "ఈ ఇంట్లో ఆడపిల్లలున్నారా, పెళ్లెప్పుడైంది, వాళ్ల సంతకాలేవీ" అని రైతుల్ని అడిగేవాణ్ణి నేనే. మా చెల్లెలి పెళ్లి 1987లో. లెక్క నాకు బాగా తెలుసు. పరాయి ఇంటి ఆడపిల్లకి వర్తించిన చట్టం మా ఇంటి గుమ్మం దగ్గర మర్చిపోయాను.

పెద్దకర్మ అయిన మర్నాడు, భోజనాలయ్యాక, వసారాలో కూర్చుని ఉంటే కాగితం ఆమె ముందు పెట్టాను. "సంతకం పెట్టమ్మా, రేపు రిజిస్ట్రారాఫీసుకి వెళ్లాలి." ఆమె పెన్ను తీసుకుంది. మూత తీయలేదు.

"చదివి వినిపించన్నా."

అంతా మామూలు రాతేనమ్మా అన్నాను. "నువ్వే చదువు. నీ నోటితో వినాలి."

చదవడం మొదలుపెట్టాను. "సదరు ఆస్తి యందు నాకు గల సమస్త హక్కులను మీకు విడుదల చేసి" అన్న చోట ఆపింది. "నాకు గల హక్కులా? ఉన్నాయా నాకు? ఎంత?"

అన్న తల దించుకున్నాడు. అత్త పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చేతులు ఆగిపోయాయి. నేను చెప్పక తప్పలేదు. "నా వాటా ఎంతో నీదీ అంతే."

"ఈ మాట కాగితం తేకముందు చెప్పుంటే, ఏమో, నాకొద్దు అన్నయ్యలే తీసుకోండి అని సంతకం పెట్టేదాన్నేమో. ఉన్నదాన్ని నేనిస్తే అది ఇవ్వడం. లేదనుకునేలా చేసి తీసుకుంటే దాన్నేమంటారన్నా?"

పసుపుకుంకాల కింద ఇంత ఇచ్చాం, పెళ్లికి అంత ఖర్చయింది అని అన్న ఏదో మొదలుపెట్టాడు. ఆమె వాదించలేదు. కాగితం మడిచి నా జేబులో పెట్టేసి లోపలికెళ్లింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెట్టలో ఆ పేడచేతి ఆడమనిషి అడిగిన ప్రశ్నా, ఇదీ ఒకటేనని నాకు తెల్లవారుజామున తట్టింది. అక్కడ పేరు రాయకుండా మోసం జరిగింది, ఇక్కడ పేరు రాసి. రెండు కాగితాల దగ్గరా ఉన్నది నేనే.

1994లో మూడు వాటాలుగా పంపకం రిజిస్టరు చేయించాం. అమ్మకి రావలసినదానికి ఆమె బతికినంతకాలం పొలం అయివేజు, అంటే రాబడి, వచ్చేలా రాసుకున్నాం. అన్న రెండేళ్లు నాతో మాట్లాడలేదు. చెల్లెలు తన భాగంలో బోరు వేయించి నిమ్మతోట పెట్టింది. ఆ తోట డబ్బుతోనే తర్వాత అన్న కూతురి కాలేజీ ఫీజు కట్టింది. అన్న మళ్లీ ఇంటికి రావడం మొదలైంది అప్పట్నుంచే.

ఇంత జరిగాక నేను పూర్తిగా మారిపోయి ఉంటానని మీరనుకోవచ్చు. ఇంట్లో నేర్చుకున్నది ఆఫీసులో పనికొస్తుందని మనిషికి తొందరగా తట్టదు. సారా ఉద్యమం తర్వాత ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. రోజుకి ఒక రూపాయి, నెలకి 30. పదిహేనుమంది ఒక సంఘం. పదిహేనుమందికి నెలకి 450, ఏడాదికి 5,400. ఆ డబ్బులోంచి వాళ్లలో వాళ్లే నూటికి రెండు రూపాయల వడ్డీకి చిన్న చిన్న అప్పులిచ్చుకునేవాళ్లు. ఊళ్లో వడ్డీవ్యాపారి దగ్గర ఐదు రూపాయలకి తక్కువ లేదు. సంఘాలకి బ్యాంకులు నేరుగా అప్పివ్వొచ్చని 1992లో నాబార్డు, అంటే వ్యవసాయానికీ పల్లెల అభివృద్ధికీ ఉన్న జాతీయ బ్యాంకు, ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ముందు 500 సంఘాలతో అనుకున్నది అది. మా బ్రాంచిలో మొదటి సంఘం అప్పు పదివేలు. సంఘానికి లీడరు ఎవరో తెలుసా, ఆ బర్రె కాడి మనిషే. తీర్మానం పుస్తకం ఆమే రాసేది. రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు, గీత తప్పి పైకి కిందకి పోతుండేవి, కానీ ఎవరికి ఎంత, ఎందుకు, ఎప్పుడు తిరిగి కట్టాలి అన్నది ఒక్క చోట కూడా తప్పేది కాదు.

ఒకసారి సంఘంలో ఒకామెకి గర్భసంచి ఆపరేషను పడింది. పొదుపులోంచి 2,000 తీసుకుంటామని వచ్చారు. అప్పు తీరేదాకా పొదుపు కదపకూడదు, రూలు అన్నాను. ఆమె బల్ల మీద చెయ్యి పెట్టింది.

"ఏ కాయితంలో ఉంది సార్ ఆ రూలు? చదివి చెప్పండి."

ఇంగ్లీషులో ఉంటుందమ్మా అన్నాను. "తెలుగులో చెప్పండి. మేం వింటాం."

ఫైలు తెప్పించాను. ఒక్కో పేరా చదివి తెలుగులో చెప్పాను. పదిహేనుమంది నిలబడి విన్నారు. వాళ్ల వెనక లైనులో ఉన్న రైతులూ విన్నారు. ఆఖరి పేజీ దాకా పోయినా అలాంటి మాట లేదు. పై ఆఫీసులో ఎవరో నోటిమాటగా అన్నదాన్ని మేమంతా రూలని నమ్మి నడిపేస్తున్నాం. ఫారం మీద నేను సంతకం పెడుతుంటే ఆమె అంది, "తప్పు మీది కాదులే సార్, మీకూ ఎవురూ చదివి చెప్పలేదు." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నన్ను ఓదార్చింది. పేడచేత్తో నిలబడ్డ రోజు నేను ఆమెతో మాట్లాడిన తీరు గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

ఆ తర్వాత మిగిలిన ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ బ్రాంచిలో ఉన్నా అప్పు పత్రం మీద సంతకం పెట్టేముందు కూర్చోబెట్టి పైకి చదివి చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఒక్కో పత్రానికి పావుగంట పడుతుంది. పై అధికారులు టైం వేస్టని తిట్టారు, కొందరు తోటివాళ్లు నవ్వారు. చదివి చెప్పిన అప్పుల్లో గొడవలు తక్కువ రావడం నేను కళ్లారా చూశాను, అందుకని మానలేదు. ఫలానా ఆయన భార్య అని రాసుకోవడం మాని ముందు ఆమె పేరు అడిగేవాణ్ణి. ఇంటికెళ్లి, భర్త పక్కన నిలబడి ఉండగా, ఆడవాళ్ల చేత సంతకాలు చేయించడం పూర్తిగా మానేశాను. మీలో ఎవరైనా బ్యాంకులోనో ఇన్సూరెన్సులోనో రిజిస్ట్రేషను ఆఫీసులోనో ఉంటే ఈ మూడూ చేసి చూడండి. ముఖ్యంగా ఆ మూడోది.

2010లో మైక్రోఫైనాన్సు కంపెనీలిచ్చిన చిన్నప్పుల గోల వచ్చినప్పుడు, అక్టోబరులో ప్రభుత్వం వాటిని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చేదాకా పోయిన రోజుల్లో, వేరే జిల్లాలో ఉన్న నా దగ్గరికి ఆడవాళ్లు కవర్లలో కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు. మా బ్యాంకు అప్పులు కావవి. వారం వారం కిస్తీలు, ఒక అప్పు కట్టడానికి ఇంకో అప్పు. "ఇందులో వడ్డీ ఎంత రాశారో చదివి చెప్పు సారూ" అనేవాళ్లు. సాయంత్రాలు బ్రాంచి మూసేశాక అరుగు మీద కూర్చుని చదివి చెప్పేవాణ్ణి. తాము కట్టేది ఎంతో మొదటిసారి వింటున్న వాళ్ల ముఖాలు చూస్తే, దుర్గాబాయి గారు జైల్లో ఏం చూసి ఉంటారో నాకు కొంచెం అర్థమయ్యేది.

అత్త 2009లో పోయింది. ట్రంకుపెట్టె అదే, 1958లో అత్తవారింటి నుంచి వచ్చినది. అడుగున పాత చీర మడతలో రెండు కాగితాలున్నాయి. ఒకటి మెట్రిక్ సర్టిఫికెట్టు. రెండోది పసుపుబారి, మడతల దగ్గర చిరిగి, వెనక అన్నంమెతుకులతో అట్ట అతికించిన పేపరు ముక్క. ఆ ప్రకటనే. తాతయ్య చేత పైకి చదివించినది. అంచుల్లో పప్పుడబ్బా తుప్పు మరక అలాగే ఉంది.

సర్టిఫికెట్టు నేను తీసుకున్నాను, మా ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టాను. పేపరు ముక్క చెల్లెలి దగ్గరుంది. రెండూ ఒకచోట ఉంటే బాగుంటుంది, నాకివ్వమని రెండుసార్లు అడిగాను. ఇవ్వనంది. పోయిన సంక్రాంతికి వాళ్లింటికెళ్తే, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ముక్క పైకి చదివిస్తోంది.